బడి జట్టులో బడి పిల్లలే ఆడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పాఠశాల క్రీడల గురించి మీ పత్రిక ఇటీవల ప్రచురించిన ప్రత్యేక వ్యాసాన్ని ఆక్లాండ్‌లో స్థిరపడిన మా వంటి తెలుగు కుటుంబాలు ఎంతో ఆసక్తితో చదివాయి. హైదరాబాద్ నగరమంత జనాభా కూడా లేని న్యూజిలాండ్ రగ్బీలో 1987, 2011, 2015 ప్రపంచ కప్పులను ఎలా గెలవగలిగిందో వివరిస్తూ, దానికి మూలం అక్కడి బడుల మధ్య ఏటా జరిగే పోటీలలోనే ఉందని వ్యాసకర్త రాశారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అటువంటి పోటీలు నెలకొల్పాలని, ప్రతిభ గల పిల్లలు ఏ మారుమూల ఉన్నా వెతికి పట్టుకొని ఉపకార వేతనాలిచ్చి పెద్ద బడులకు తీసుకురావాలని సూచించారు. ఇందులో మొదటి సూచనతో నాకు పేచీ లేదు. రెండోదానితోనే ఉంది. వ్యాసకర్త మనకు ఆదర్శంగా చూపిన ఆ వెతికి పట్టుకొచ్చే పద్ధతి వల్లనే ఆక్లాండ్ పాఠశాల రగ్బీ కొన్నేళ్ల క్రితం చీలిపోయే స్థితికి వచ్చింది. ఆ సంగతి వ్యాసంలో ఎక్కడా ప్రస్తావనకు రాలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

న్యూజిలాండ్‌లో రగ్బీ నియమాల ప్రకారం జరిగిన మొట్టమొదటి ఆటలోనే ఒక బడి జట్టు ఉంది. ఇంగ్లండ్‌లో చదువుకొని తిరిగివచ్చిన చార్లెస్ మన్రో అనే యువకుడు ఈ ఆటను నెల్సన్ పట్టణానికి పరిచయం చేయగా, 1870 మే 14న నెల్సన్ కాలేజీ విద్యార్థులు ఆ పట్టణపు ఫుట్‌బాల్ క్లబ్బుతో తలపడి 2-0తో ఓడిపోయారు. ఇక్కడ కాలేజీ అంటే మన హైస్కూలు, ఇంటర్ కలిసిన బడి అనుకోవాలి. క్రైస్ట్‌చర్చ్ నగరంలో క్రైస్ట్స్ కాలేజీకి, క్రైస్ట్‌చర్చ్ బాయ్స్ హైస్కూలుకు మధ్య 1892 నుంచి పోటీ నడుస్తున్నది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఈజిప్టులోని మొయాస్కర్ సైనిక శిబిరంలో జరిగిన రగ్బీ పోటీలో న్యూజిలాండ్ సైనికులు గెలుచుకున్న కప్పును 1920లో బడులకే ఇచ్చేశారు. ఆ మొయాస్కర్ కప్పు ఏ బడి దగ్గర ఉంటే ఆ బడి దాన్ని సవాలు చేసిన జట్టుతో ఆడి నిలుపుకోవాలి, ఓడితే గెలిచినవాళ్లకు అప్పగించాలి. డబ్బు బహుమతి ఏదీ లేని ఆ కప్పు కోసం ఇన్ని తరాల పిల్లలు ఆడుతూ వస్తున్నారు.

ఒక బడి ప్రధాన జట్టును ఇక్కడ ఫస్ట్ ఫిఫ్టీన్ అంటారు. పదిహేను మందితో ఆడే ఆట కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆక్లాండ్‌లో పేరున్న బడులన్నీ వన్ ఏ అనే లీగులో ఏటా శీతకాలమంతా శనివారాలు ఆడుతాయి. పెద్దవాళ్ల ఆట ఎనభై నిమిషాలైతే, పంతొమ్మిదేళ్లలోపు పిల్లలకు డెబ్బై నిమిషాలే. రెండు వైపులా ఎనిమిదేసి మంది తలలు దించి భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌లో పెద్దవాళ్లకు ఎంత దూరమైనా నెట్టే స్వేచ్ఛ ఉంటే, పిల్లలకు మాత్రం మీటరున్నర దాటకూడదన్న నియమం ఉంది. మెడలకు, వెన్నెముకకు దెబ్బ తగలకుండా ఏర్పరచిన జాగ్రత్త అది. బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, దానికి అయిదు పాయింట్లు. ఆ తరువాత గోలు స్తంభాల మధ్య నుంచి తన్నితే మరో రెండు. పెనాల్టీకి మూడు. ఈ కాస్త తెలిస్తే చాలు, రగ్బీ ఎన్నడూ చూడనివారు కూడా గట్టు మీద నిలబడి ఆటను అనుసరించవచ్చు.

లీగు పట్టికలో ఎవరు ఎక్కడున్నారన్నదానితో సంబంధం లేకుండా, ప్రతి బడికీ ఏడాదిలో ఒక్క ఆట మిగతా అన్నిటికన్నా ముఖ్యం. ఆక్లాండ్ గ్రామర్ స్కూలుకు కింగ్స్ కాలేజీతో ఆట అటువంటిది. గ్రామర్ ప్రభుత్వ బడి. న్యూజిలాండ్ జాతీయ జట్టయిన ఆల్ బ్లాక్స్‌కు మరే బడీ పంపనంత మంది ఆటగాళ్లను పంపింది. కింగ్స్ వసతి గృహాలున్న ప్రైవేటు బడి, ఆంగ్లికన్ చర్చి సంప్రదాయంలో నడిచేది. ఈ రెండూ ఆడే రోజున ఆరంభంలోనే మైదానం గీతల వెంట వందల మంది విద్యార్థులు బారులు తీరుతారు, వారి వెనుక తండ్రులు, తాతలు తమ కాలపు బడి రంగుల మఫ్లర్లు చుట్టుకొని నిలబడతారు. జట్లు మైదానంలోకి రాగానే ఆడే పదిహేను మందే కాక బడి అంతా కలిసి హాకా చేస్తుంది. ఈ దేశపు మూలవాసులైన మావోరీల సంప్రదాయ సామూహిక నృత్యమైన ఆ హాకాలో మా తెలుగు పిల్లలు, పంజాబీ పిల్లలు, చైనా, కొరియా పిల్లలు తొడలు చరుస్తూ గొంతు కలుపుతుంటే, బడి అన్న మాటకు ఇంత అర్థం ఉంటుందా అని వలస వచ్చిన తల్లిదండ్రులకు అనిపించకమానదు. మనవాళ్లలో చాలామంది చదువు కోసమే ఆ బడుల పరిధిలో ఇళ్లు కొనుక్కున్నవారు. గ్రామర్ జోన్ అని పిలిచే ఆ ప్రాంతంలో ఇంటి ధర ఎంతో చెప్పి మీ పాఠకులను భయపెట్టను. లెక్కల కోసం చేర్పించిన కుర్రవాడు శనివారం ఉదయం వానలో తడుస్తూ రగ్బీ చూసి గొంతు పోగొట్టుకొని ఇంటికొస్తే మొదట్లో విసుక్కున్న తల్లులే, రెండో ఏడాదికి గొడుగు పట్టుకొని వెంట వెళ్తున్నారు.

అటువంటి ఆటలో పిల్లల ప్రదర్శన గురించి ఒక మాట చెప్పాలి. మీ వ్యాసంలో ట్రై వేసిన వారి పేర్లు, పాయింట్ల లెక్కలు మాత్రమే ఉన్నాయి. ఈ ఆటను దగ్గర నుంచి చూసేవారు ముందుగా చూసేది వాటిని కాదు. ఎదురుగాలిలో లైనౌట్ బంతిని, అంటే పక్క గీత దాటి పోయాక తిరిగి లోపలికి విసిరే బంతిని, ప్రతిసారీ తన జట్టులో ఎగిరే కుర్రవాడి చేతికి సరిగ్గా విసిరే హుకర్‌ను చూస్తారు. తనకన్నా ఇరవై కిలోలు ఎక్కువ బరువున్నవాడు పరుగెత్తుకొస్తుంటే పక్కకు తప్పుకోకుండా మోకాళ్ల దగ్గర పట్టి పడగొట్టి, లేచి, మళ్లీ వరుసలో నిలబడే ఫ్లాంకర్‌ను చూస్తారు. చివరి పది నిమిషాలు తమ గీతకు అయిదు మీటర్ల దూరంలో స్క్రమ్ తరువాత స్క్రమ్ నెట్టించుకుంటూ ఒక్క పెనాల్టీ కూడా ఇవ్వని, స్క్రమ్ ముందు వరుసలో ఉండే ప్రాప్‌ల పేర్లు మరునాడు పత్రికలో రావు గాని, సోమవారం బడి అసెంబ్లీలో చప్పట్లు వాళ్లకే ఎక్కువ మోగుతాయి. ఆ సీజనంతా ఓడిపోతూ వచ్చిన జట్టు ఈ ఒక్క ఆటలో పట్టికలో పైనున్న జట్టును చివరి నిమిషం దాకా నిలువరించడం ఇక్కడ తరచూ జరిగే విషయమే. శిక్షకుడు కొత్తగా నేర్పిన విద్య ఏదో దానికి కారణమని నేను అనుకోను. ఆ పిల్లలు పదమూడేళ్ల వయసులో ఆ బడిలో అడుగుపెట్టిన రోజు నుంచి గీత వెంట నిలబడి తమ అన్నలు ఆడుతుంటే ఇదే ఆటను చూస్తూ పెరిగారు, తమ వంతు ఎప్పుడొస్తుందా అని నాలుగేళ్లు ఎదురుచూశారు. వాళ్ల ఆటలో ఆ నాలుగేళ్లూ కనిపిస్తాయి.

వేరే బడి నుంచి తెచ్చుకున్న ఆటగాడికి లేనిది ఆ నాలుగేళ్లే. దక్షిణ ఆక్లాండ్‌లోని మాంగెరె, ఓటాహుహు, ఓటారా వంటి ప్రాంతాల్లో సమోవా, టోంగా దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. వారి పిల్లల్లో రగ్బీ ప్రతిభకు కొదవ లేదు, ఇళ్లలో డబ్బుకు మాత్రం కొదవే. అక్కడి ప్రభుత్వ బడిలోనో, కాథలిక్ బడిలోనో పదిహేనేళ్ల కుర్రవాడు ఒక సీజనులో బాగా ఆడాడంటే, ఆ శీతకాలం ముగిసేలోగా అతని తల్లిదండ్రులకు ఎక్కడినుంచో ఫోను వస్తుంది. ఏడాదికి వేల డాలర్ల ఫీజు మాఫీ, వసతి, యూనిఫాం, జిమ్, పోషకాహార నిపుణుడు అన్నీ చూపిస్తారు. కాదనగల తండ్రి అరుదు. కుర్రవాడు కొత్త బ్లేజరు వేసుకొని వెళ్లిపోతాడు. అతణ్ణి ఎనిమిదేళ్ల నుంచి తీర్చిదిద్దిన పేట క్లబ్బు శిక్షకుడు, మొదటి రెండేళ్లు ఆడించిన బడి మాస్టారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెండేళ్ల తరువాత ఆ బడులు రెండూ తలపడితే, అరవై పాయింట్ల తేడాతో ముగిసిన ఆటను పోటీ అనడానికి నోరు రాదు. గెలిచిన బడిలో మొదటి ఏడాది నుంచి కష్టపడి ఆడుతూ వచ్చిన కుర్రవాడు, తన స్థానం వేరొకరికి పోయినందువల్ల, రెండో జట్టులోనో గట్టు మీదనో మిగిలిపోతాడు. అతని గురించి ఎవరూ రాయరు.

ఇది తెలుగువారికి వివరించి చెప్పాల్సిన విషయం కాదనుకుంటాను. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఇంటికి కార్పొరేట్ కళాశాల ప్రతినిధులు వెళ్లి ఫీజు మినహాయింపు, హాస్టలు ఉచితం అని మాట్లాడుకొని తీసుకుపోవడం, రెండేళ్ల తరువాత ఆ విద్యార్థి ఫొటోతో మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటన వేయించుకోవడం మనకు ఏటా కనిపిస్తూనే ఉంది. ఆ విద్యార్థికి అక్షరాలు దిద్దించిన మండల పరిషత్ బడి పేరు ఆ ప్రకటనలో ఉండదు. అదే కళాశాలలో పూర్తి ఫీజు కట్టి చదివే వందల మంది మాటా ఉండదు. కళాశాల బోధన ఎంత మంచిదో ఆ ర్యాంకు చెప్పదు, ముందుగా ఎవరిని తెచ్చుకోగలిగిందో మాత్రమే చెబుతుంది. బంతి మోసుకుపోయే పిల్లల విషయంలో ఆక్లాండ్ బడులు చేసింది ఇదే. అయితే అక్కడ ఒకరోజు తోటి బడులు లేచి ఇక చాలన్నాయి. మన దగ్గర ఇంతవరకు ఆ మాట వినలేదు.

2018 డిసెంబరులో జరిగిన సంగతి అది. వన్ ఏ లీగులోని పది బడుల ప్రధానోపాధ్యాయులు కలిసి, పకురంగా ప్రాంతంలోని సెయింట్ కెంటిగర్న్ కాలేజీ ఇతర బడుల ఆటగాళ్లను తెచ్చుకుంటున్న తీరుకు నిరసనగా, రాబోయే 2019 సీజనులో ఆ బడి ఫస్ట్ ఫిఫ్టీన్‌తో తాము ఆడబోమని ప్రకటించారు. పాఠశాల రగ్బీలో అటువంటి ప్రకటన అరుదు. సెయింట్ కెంటిగర్న్ అప్పటికి కొన్నేళ్లుగా ఆ లీగులోని బలమైన జట్లలో ఒకటి. ఆ బడిని సమర్థించినవారు వెంటనే, సంతకాలు చేసినవాళ్లలో మాత్రం ఇతర బడుల పిల్లలను తెచ్చుకోనివారు ఎందరున్నారని ఎదురు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ప్రభుత్వ బడులకూ హాస్టళ్లున్నాయి, పరిధి బయటి పిల్లలను చేర్చుకునే మార్గాలున్నాయి. కొన్ని నెలల చర్చల తరువాత రాజీ కుదిరింది, కొత్తగా చేరినవారిని ఆడించడంపై పరిమితులు వచ్చాయి, సెయింట్ కెంటిగర్న్ ఆ ఏడాది లీగులో ఆడింది. ఎవరు పూర్తిగా ఒప్పు, ఎవరు పూర్తిగా తప్పు అన్న తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఓడిపోతామన్న భయంతో చేసిన పని అని అప్పట్లో కొందరు వెక్కిరించారు గాని, ఆటను రద్దు చేసుకోవడానికైనా సిద్ధపడి ఆ ప్రధానోపాధ్యాయులు కాపాడదలచుకున్నది బడుల మధ్య ఉండవలసిన స్పర్ధనే అని నా అభిప్రాయం. నిజంగా తమతో సమానులైన తోటి విద్యార్థులతో ఆడి ఓడిపోవడానికి ఏ బడీ సిగ్గుపడదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచిపెడితే నా వాదానికి బలం రాదు. డాన్ కార్టర్ సౌత్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి కుర్రవాడు. తన ప్రాంతపు బడిలో చదువుతూ, రగ్బీలో పైకి రావాలని చివరి ఏడాది క్రైస్ట్‌చర్చ్ బాయ్స్ హైస్కూలుకు మారాడు. ఆ తరువాత అతడు ప్రపంచ రగ్బీలో అత్యంత గొప్ప ఆటగాళ్లలో ఒకడయ్యాడు. మాంగెరెలో పెరిగిన జోనా లోము వెస్లీ కాలేజీ వసతి గృహంలో ఉండి చదివాడు. 1994లో పంతొమ్మిదేళ్లకే ఆల్ బ్లాక్ అయ్యాడు, మరుసటి ఏడాది ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు వేశాడు. పేట వాతావరణానికి దూరంగా ఆ బడి అతనికి ఇచ్చిన క్రమశిక్షణ లేకపోతే అతని జీవితం ఏ దారి పట్టేదో అని అతణ్ణి ఎరిగినవారే అన్నారు. పేద కుటుంబాల పిల్లలకు మంచి చదువు, మంచి వసతి దొరకడం ఎవరికి బాధ? బడి మారే హక్కు పిల్లవాడికి, అతని తల్లిదండ్రులకు ఉండాలి. నేను ప్రశ్నిస్తున్నది పిల్లవాడు బడిని వెతుక్కుంటూ వెళ్లడాన్ని కాదు, బడి పిల్లవాణ్ణి వెతుక్కుంటూ రావడాన్ని. చదువు చెప్పించాలన్నదే ఆశయమైతే, ఆ ఉపకార వేతనం తొమ్మిదో తరగతిలో ఇవ్వవచ్చు. ఆరడుగుల అయిదంగుళాల అన్నతోపాటు పుస్తకం వదలని పొట్టి తమ్ముడికీ ఇవ్వవచ్చు. ఆఖరి రెండేళ్లలో, అదీ లైనౌట్‌లో ఎత్తు కావలసివచ్చినప్పుడే బడికి దయ కలగడం గురించి ఎవరైనా అనుమానిస్తే తప్పు పట్టలేం.

పిల్లలు చెల్లించే మూల్యం ఇంకొకటుంది. ఫస్ట్ ఫిఫ్టీన్ ఆటలను స్కై స్పోర్ట్ ఛానల్ ప్రసారం చేయడం మొదలయ్యాక, పదహారేళ్ల కుర్రవాడు బంతి జారవిడిస్తే ఆ దృశ్యం దేశమంతా తిరిగేది. ఆటగాళ్లకు మార్కులు వేసేవారు, ఏ క్లబ్బు ఎవరితో ఒప్పందం చేసుకోబోతున్నదో ఊహించేవారు తయారయ్యారు. ఇది ఇలా సాగకూడదని తరువాత ప్రధానోపాధ్యాయులే కొందరు ప్రసారాలకు అడ్డు చెప్పవలసివచ్చింది. న్యూజిలాండ్ రగ్బీ సంఘం పాఠశాల రగ్బీపై చేయించిన సమీక్ష కూడా, మొదటి జట్టు మీదనే అందరి దృష్టీ నిలిచి, మిగతా జట్లలో సరదాకు ఆడుకునే పిల్లలు తగ్గిపోతున్నారన్న ఆందోళనను బయటపెట్టింది. ఆక్లాండ్‌లో ఎందరో కుర్రవాళ్లు బాస్కెట్‌బాల్‌కు మళ్లుతున్నారు. అయితే ఒక విషయంలో ఇక్కడివారిని మెచ్చుకోవాలి. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే రిఫరీ నీలి కార్డు చూపుతాడు. ఆ కుర్రవాడు ఎంత గొప్ప ఆటగాడైనా, మిగిలింది ఎంత ముఖ్యమైన ఆటైనా, అతడు ఆ రోజు మళ్లీ మైదానంలోకి రాకూడదు. తరువాత కూడా నిర్ణీత విశ్రాంతి పూర్తిచేసి, వైద్యుడు సరేనంటేనే ఆడాలి. శిక్షకుడి ఒత్తిడి, తండ్రి ఆశ, కుర్రవాడి మొండితనం అన్నిటినీ ఆ ఒక్క కార్డు పక్కన పెడుతుంది. మన దగ్గర కబడ్డీకైనా ఇటువంటిది వస్తే బాగుండును.

ఇంత దూరం రాకుండా దగ్గరలోనే చూడాలనుకుంటే శ్రీలంక ఉంది. కొలంబో రాయల్ కాలేజీకి, కాండీ ట్రినిటీ కాలేజీకి మధ్య 1920 నుంచి రగ్బీ నడుస్తున్నది. 1945 నుంచి అది బ్రాడ్బీ షీల్డ్ పేరిట సాగుతున్నది. షీల్డుకు ఆ పేరు రాయల్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన బ్రాడ్బీ వల్ల వచ్చింది. ఏటా ఒక ఆట కొండల్లో కాండీలో, మరొకటి సముద్రతీరాన కొలంబోలో ఆడి, రెండింటి పాయింట్లూ కలిపి విజేతను నిర్ణయిస్తారు. మొదటి ఆటలో ఘోరంగా ఓడిన జట్టుకు రెండో ఆటలో ప్రాణం పెట్టి ఆడే కారణం మిగిలి ఉండే ఏర్పాటు అది. నాకు చాలా నచ్చింది. మన రాష్ట్రాల వాతావరణానికి, మన బడుల స్థితిగతులకు ఆక్లాండ్ కన్నా అదే దగ్గర.

ఇక మన సంగతి. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన మొదటి రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాద్ హీరోస్ పేరుతో జట్టు ఆడడంతో ఈ ఆట పేరు మన పత్రికల్లోకి వచ్చింది. అది ఏడుగురితో ఆడే పొట్టి రగ్బీ, ఆడినవారిలో విదేశీయులు చాలామంది. అంతకన్నా చెప్పుకోదగ్గది మన శ్రీకాకుళం పొరుగునున్న ఒడిశాలో ఎప్పుడో జరిగింది. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే ఆదివాసీ బాలురు 2007లో లండన్ వెళ్లి, పద్నాలుగేళ్లలోపు పాఠశాల జట్ల అంతర్జాతీయ పోటీలో గెలిచి వచ్చారు. రగ్బీకి కావలసిన శరీరదార్ఢ్యం మనవాళ్లకు లేదన్నవారికి అంతకన్నా సమాధానం అక్కరలేదు. మన గురుకులాల్లో, హకీంపేట క్రీడా పాఠశాలలో, ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పరుగెత్తగల పిల్లలు ఉన్నారు, కొన్నిచోట్ల నిజమైన మైదానాలూ ఉన్నాయి. అపార్ట్‌మెంటులో నడిచే కార్పొరేట్ బడులకు మాత్రం ఆ రెండో భాగ్యం లేదు.

మన లోటు ఆటగాళ్లలో లేదు, పోటీల నిర్మాణంలో ఉంది. స్కూల్ గేమ్స్ పేరిట మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి జరిగేవి ప్రధానంగా ఎంపికలు. పైస్థాయికి పోయేకొద్దీ బడి పేరు పోయి జిల్లా పేరు వస్తుంది, చివరకు పిల్లవాడికి మిగిలేది క్రీడా కోటాలో సీటుకు పనికొచ్చే ధ్రువపత్రం. ఆ ధ్రువపత్రం విలువ తెలిసిన పెద్దలు పుట్టినతేదీలతో ఆడే ఆటలు మీ విలేకరులకు నాకన్నా బాగా తెలుసు. ఫలానా బడితో ఫలానా బడి ప్రతి ఏడాదీ ఒకే నెలలో తలపడుతుందని, పోయినసారి ఓడాం కనుక ఈసారి చూసుకుందామని ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్పగలిగే ఆట మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయి? ఒకప్పుడు పక్కపక్క ఊళ్ల హైస్కూళ్ల మధ్య వాలీబాల్, కబడ్డీ ఆటలకు సైకిళ్ల మీద వెళ్లినవారు మా తరంలో చాలామంది ఉన్నారు. డ్రిల్లు మాస్టార్ల పోస్టులు ఖాళీగా పడి ఉండటం, ఆటల పీరియడును లెక్కల మాస్టారు తీసేసుకోవడం మొదలయ్యాక అవి పోయాయి.

కనుక రగ్బీ అయినా, మరో ఆటైనా, ప్రభుత్వాలకు నిజంగా ఆసక్తి ఉంటే రాష్ట్రస్థాయి లీగుతో మొదలుపెట్టవద్దని నా విన్నపం. దగ్గరదగ్గరగా ఉన్న రెండు గురుకులాలను తీసుకోండి. వాటి మధ్య ఏడాదికి రెండు ఆటలు, ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ, రెండు చోట్లా పూర్వ విద్యార్థులను పిలిచి పెట్టండి. ఆ ఆటలో దిగే ప్రతి పిల్లవాడూ కనీసం రెండేళ్లు ఆ బడిలోనే చదివి ఉండాలన్న నియమం మొదటి రోజే రాయండి. ఆక్లాండ్ వారు వంద సంవత్సరాలు ఆడాక, పరువు బజారున పడ్డాక రాసుకున్న పరిమితుల వంటివాటిని మనం ముందే రాసుకోవచ్చు. పదేళ్లు ఆ జంట ఆట నిలబడితే లీగు దానంతట అదే వస్తుంది. నిలబడకపోతే లీగు పెట్టినా రెండో ఏడాదికి స్పాన్సరుతోపాటు అదీ వెళ్లిపోతుంది.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. పాఠశాల ఆటల వార్తలు వేసేటప్పుడు పదహారేళ్ల పిల్లవాణ్ణి రేపటి తార అంటూ శీర్షిక పెట్టకండి, ఓడిన జట్టులో తప్పు చేసిన పిల్లవాడి పేరు రాయకండి. గెలిచిన బడి యాజమాన్యం ఫొటోతో మీ కార్యాలయానికి వచ్చినప్పుడు, జట్టులోని పదిహేను మందిలో ఆరో తరగతి నుంచి ఆ బడిలోనే చదివినవారు ఎందరని మీ విలేకరి అడగాలి. వచ్చిన జవాబును స్కోరు పక్కనే ప్రచురించాలి.

ఇట్లు,
భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు,
ఆక్లాండ్, న్యూజిలాండ్